ఐదో గంగాళం

జూలూరుపాడు బస్టాండు వెనక గిన్నెలకు మాట్లు వేసే జానీ మియాకు అరవై రెండేళ్లు. చిల్లులు పూడ్చడం, పెళ్లి బిందెల మీద చీరణంతో పేర్లు కొట్టడం తప్ప మరో పని రాదు. అయినా మూడేళ్లుగా ఆయన పరిశోధకుడు. మా మండలంలో పరిశోధకుడంటే పని మానేసి ఊళ్లు పట్టుకు తిరిగేవాడని అర్థం. ఆ లెక్కన చాలా పెద్ద పరిశోధకుడే.

పరిశోధన దేనిమీదంటే, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మా అడవిలో కూలిన మిలిటరీ విమానం మీద. అందులో పోయిన ఐదుగురినీ, మెడలోని పేరు బిళ్లలతో సహా, అడవి ఊళ్లవాళ్లు వాగు ఒడ్డున పూడ్చారు. తర్వాత వరదకు ఆ ఒడ్డే కొట్టుకుపోయింది. పూడ్చేటప్పుడు అక్కడే ఉన్న జానీ మియా తాత రసూల్ మియా, విమానం రేకులు బండికెత్తి తెచ్చి సత్తు గంగాళాలు చేశాడు. దాంతో ఆయనకు "శవాల జేబులు తడిమినోడు" అని పేరొచ్చింది. ఆస్తి ఏమీ ఇవ్వకపోయినా ఆ పేరును మాత్రం మనవడిదాకా భద్రంగా అందించాడు.

ఊరంతా మరిచిపోయినా సుబ్బరత్నం మరవనివ్వదు. ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్న ఇంటి కోడలు. వయసు డెబ్బై దాటినా నోరు ఇరవైలోనే ఆగిపోయింది. మూడేళ్ల కిందట ఓ పెళ్లి పందిట్లో, జానీ మియా కూతురు తబస్సుం వింటుండగా, ఆ మాట మళ్లీ అంది. తనొక్కడే ఉంటే ఆయన నవ్వి ఊరుకునేవాడు. కూతురు తల దించుకుంది. అది చూసి తట్టుకోలేకపోయాడు.

తాత దొంగ కాడని చెప్పే గుర్తేదైనా దొరుకుతుందేమోనని, మర్నాటి నుంచి తాత చేసిన గంగాళాల వేట మొదలు. పినపాకలో ఒకటి దొరికింది, కోళ్లు నీళ్లు తాగుతున్నాయి. సత్తుపల్లిలో ఒకదాన్లో కరివేపాకు మొక్క ఉంటే మొక్కతో సహా ఫొటో తీసుకొచ్చాడు. మొత్తం నాలుగు. నాలుగింటి అంచునా చుక్కలు చుక్కలుగా ఇంగ్లీషు అక్షరాలు. ఇన్నాళ్లూ అందరూ కంపెనీ మార్కు అనుకున్నారు. తబస్సుం ఎవరెవరికో మెయిళ్లు పెట్టి విమానంలో పోయినవాళ్ల జాబితా తెప్పిస్తే, నాలుగు పేర్లూ అచ్చంగా అవే! ఇంగ్లీషు ముక్క రాని రసూల్ మియా, పూడ్చకముందే బిళ్లలు చూసి గీత గీతా దింపుకున్నాడన్నమాట. సొమ్ము ఎవరిదైతే వాళ్ల పేరు గిన్నె మీద ఉండాలన్నది ఆ ఇంటి పద్ధతి.

జాబితాలోనూ నాలుగు పేర్లే ఉన్నాయి. ఐదో మనిషి ఆఖరి నిమిషంలో ఎక్కాడట, పేరు ఎవరూ రాసుకోలేదట.

జానీ మియా ఆ కాగితాలు పట్టుకుని సుబ్బరత్నం వాకిట్లో నిలబడ్డాడు. "దొంగ సొత్తు మీద సొంతదారు పేరు కొట్టే దొంగ యాడనన్న ఉంటడా అమ్మా?"

"నాలుగూ సరే. ఐదోవాడి పేరేదయ్యా? వాడి జేబే కొట్టేసుంటాడు మీ తాత. అందుకే వదిలేశాడు."

జానీ మియా కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మొహం మాడ్చుకుని తిరిగొచ్చాడు.

పోయిన నెల, చిల్లుపడ్డ కుడితి గంగాళాన్ని ఆటోలో వేయించుకుని సుబ్బరత్నమే షాపుకొచ్చింది. చుట్టుపక్కల మాట్లు వేసేవాడు ఇంకెవడూ మిగల్లేదు. తిట్టాలన్నా, అతికించుకోవాలన్నా ఆమెకు ఆయనే దిక్కు. గంగాళం అంచున ఆమె మామగారు వెంకటరామారావు పేరున్న ఇత్తడి పట్టీ ఉంది. చిల్లు సరిగ్గా దాని పక్కనే. జానీ మియా గంగాళాన్ని గోటితో మీటి చప్పుడు విన్నాడు. మళ్లీ మీటాడు, ఆ నాలుగింటి చప్పుడే.

"పట్టీ తీయాలె అమ్మా. ఎవలు ఏసిండ్రు దీన్ని?"

"మీ తాతే. అంచున ఉన్న పాత రాతలు చెరిపేసి మా పేరు కొట్టవయ్యా అని మా మామగారంటే, పేరు చెరిపే పని మా ఇంట్లో లేదని మొండికేశాడట. పైన పట్టీ వేసిచ్చాడు. ఆ పొగరు గురించి మా అత్తగారు పోయేదాకా చెప్పేది..." అంటూనే, తన మాట తన చెవినే పడినట్టు ఆగిపోయింది.

జానీ మియా ఒక్కో రివిట్టూ ఊడదీశాడు. పట్టీ కింద చుక్కలు నిన్న కొట్టినట్టున్నాయి. ఇంగ్లీషు ఆయనకూ రాదు. సుబ్బరత్నమే కళ్లజోడు సర్దుకుని కూడబలుక్కుని చదివింది. "ఎడ్విన్... ఎడ్విన్ హార్లో."

కొంగుతో ఆ అక్షరాల చుట్టూ అంటిన కుడితి మరక తుడిచింది.

"ఇతని గిన్నెలో గేదెలకు కుడితి పెట్టాం" అంది.

"పట్టీ మల్ల ఎయ్యాల్నా అమ్మా?"

"వద్దు. గిన్నె అతనిది." పట్టీని తిప్పి చూసింది. వెనకవైపు నున్నగా ఉంది. "మీ తాత తన పేరు ఎక్కడా కొట్టుకోలేదా?"

"చేసినోడు కొట్టుకోడమ్మా. సొమ్ము ఎవలదో ఆల్ల పేరే."

"అయితే దీని వెనక ఆయన పేరు కొట్టు." ఆయన చీరణం అందుకోబోతే ఆపింది. "ఆగు. ముందు తబస్సుంని పిలువు. ఆ పిల్ల ముందే కదా ఆ మాట అన్నాను."

తబస్సుం వచ్చాకే మొదలుపెట్టాడు. చూడకుండా వేల పేర్లు కొట్టిన జానీ మియాకు 'రసూల్' దగ్గర రెండుసార్లు చీరణం జారింది. సుబ్బరత్నం బల్ల మీదికి వంగి, పట్టీ కదలకుండా రెండు చేతులా పట్టుకుంది.