కొయ్య చివరి ఇత్తడి సింహం

నా పడవ ఇప్పుడు గండిమైసమ్మ దగ్గర, నేను పనిచేసే ఇంజనీరింగ్ కాలేజీ బస్సుల యార్డులో, గోడ పక్కన బోర్లించి ఉంది. డ్రైవర్లు దాని మీద యూనిఫాం చొక్కాలు ఆరేస్తారు. మొదట్లో వద్దన్నాను. ఇప్పుడు అనడం మానేశాను.

రెండు సన్నని పడవలను పక్కపక్కన పెట్టి, రెండు అల్యూమినియం దూలాలతో కలిపితే అది కేటమరాన్. నాది పద్దెనిమిది అడుగులది, ఒక్క మనిషి కోసం కట్టినది. తూర్పు తీరం వెంట ఒక రేవు నుంచి మరో రేవుకు ఆరు రోజుల పందెం. పడవకు ఒకరే ఉండాలి. పగలంతా నడిపి, పొద్దు వాలే వేళకు ఏ ఇసుక ఒడ్డుకు చేరితే అక్కడే పడుకోవాలి. ఆ పందెం పట్టికలో నా పేరు, పక్కన మేడ్చల్ అని మా ఊరి పేరు చూడాలనుకున్నాను. గెలుస్తానని ఎన్నడూ అనుకోలేదు. మా ఇంటిపేరు ఇప్పుడు భూముల తగాదాల కాగితాల్లో తప్ప కనిపించదు. నేను చేసిన ఒక పనికి ఎదురుగా ఆ పేరు ఒక్కసారి రాసి ఉంటే చాలనుకున్నాను.

పడవ నడపడం నాకు పదేళ్ల వయసులోనే వచ్చింది. బాపు, అంటే మా నాన్న, ప్రతి ఆదివారం కారులో, డ్రైవరును తోడిచ్చి, నన్ను నగరంలోని పడవల క్లబ్బుకు పంపేవాడు. తర్వాత కారు పోయింది, డ్రైవరు పోయాడు, క్లబ్బులో సభ్యత్వం పోయింది. పొలాలు మడి తర్వాత మడిగా వెంచర్లయ్యాయి. చేతులకు వచ్చిన విద్యను మాత్రం అమ్మడానికి వీల్లేదు కాబట్టి అది మిగిలింది.

చివరకు మేడ్చల్‌లో మాకున్నది ఒక పాత కోళ్ల షెడ్డు. దానికీ బేరం కుదిరింది. పందెం అయ్యేదాకా ఆగమని కొన్నవాళ్లను అడిగితే సరేనన్నారు. అంటే నాకున్నది ఆ ఒక్క ఏడాదే. ఆ తర్వాత పడవ పెట్టుకునే చోటు కూడా ఉండదని తెలిసే పని మొదలుపెట్టాను.

పడవ పోతపోసింది జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలకు ఆసిడ్ ట్యాంకులు చేసే ఫైబర్ మేస్త్రీ. నా ఈడు మనిషి. రెజిన్ అనే జిగురు పనికి చేతుల మీద వెంట్రుకలన్నీ రాలిపోయి నున్నగా ఉండేవి. మొదటి రోజు నా కొలతల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సార్, ముప్పయ్యేండ్ల సంది లోపటిది బయటికి రావద్దనే పని జేసిన. మీరేమో బయటిది లోపటికి రావద్దంటున్రు. గింత ఉల్టా పని ఎన్నడు జెయ్యలే."

పని మాత్రం బాగా చేశాడు. కోళ్లు పోయి ఏళ్లయినా షెడ్డులో ఈకలు పోలేదు. రెజిన్ పూసిన ప్రతిసారీ ఎక్కడి నుంచో ఒక తెల్ల ఈక వచ్చి అంటుకునేది. "ఉండనియ్యుండ్రి సార్, తేల్కగుంటది" అనేవాడు. అతను వెళ్లాక నేను ప్రతి ఈకనూ గరుకు కాగితంతో గీకి తీసేవాణ్ని. పడవలోకి ఎక్కే ప్రతి వస్తువునూ కోళ్లను తూచిన పాత త్రాసులోనే తూచాను: మంచినీళ్ల సంచులు, దిక్సూచి, మెరిసే దీపం, ఆపదలో వెలిగించే ఎర్ర పొగ డబ్బాలు, కత్తి, పల్లీ పట్టీలు. ప్రతిదానికీ ఒక తాడు, తాడుకు రెండు ముడులు. పడవ పక్కకు బోల్తా పడిపోయినా ఏదీ నీళ్లపాలు కాకూడదు.

ఎందుకంటే చిన్న కేటమరాన్ పడిపోతుంది. ఒంటరి పందెంలో నిర్వాహకులు ముందుగా చూసేది అదే. పడిన పడవను ఎవరి సాయమూ లేకుండా మనిషి మళ్లీ లేపాలి. లేపి చూపిస్తేనే పట్టికలో పేరు. పడినప్పుడు ఒక పడవ నీళ్లలో, రెండోది దాని మీద గోడలా నిలబడి ఉంటాయి. తెరచాప కొయ్య నీటి మీద పడుకుంటుంది. కింది పడవ మీద నిలబడి, పై పడవ మీదుగా వేసిన తాడు పట్టుకుని వెనక్కి వాలాలి. అప్పుడు కొయ్య లేస్తుంది. నా బరువొక్కటే చాలదు కనుక నీళ్లు నింపి తాడుకు తగిలించుకునే సంచి ఒకటి కావాలి. మా కాలేజీ బస్సుల సీట్లు కుట్టే అతనితో టార్పాలిన్‌తో కుట్టించాను. కొయ్య అంటే చెక్క కాదు, బోలుగా ఉన్న అల్యూమినియం గొట్టం. రెండు వైపులా గాలి పోకుండా మూసి ఉంటుంది. అందుకే అది నీటి మీద తేలుతుంది, మనిషి లేపగలుగుతాడు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే దానికి బెజ్జాలు చేశాను.

మా తాత కచ్చురం ఎక్కి తిరిగేవాడు. కచ్చురమంటే పైకప్పున్న ఎడ్ల బండి. దాని ముందు భాగాన అరచేయంత ఇత్తడి సింహం ముఖం ఉండేది. బాపు ఆ బండిని శామీర్‌పేట దారిలో ఒక రిసార్టుకు ఇచ్చేసిన రోజు, అది లారీ ఎక్కకముందే ఆ సింహాన్ని విప్పి దాచుకున్నాను. బండి ఇప్పుడు రిసార్టు వాకిట్లో ఉంది. పెళ్లిళ్లకు వచ్చినవాళ్లు అందులో కూర్చుని ఫొటోలు దిగుతారు.

మేస్త్రీ రాని ఒక ఆదివారం, కొయ్యకు చిట్టచివర, తెరచాప తల కన్నా పైన, నాలుగు బెజ్జాలు చేసి సింహాన్ని నాలుగు రివెట్లతో బిగించాను. అంచుల చుట్టూ సీలెంటు పూశాను. మర్నాడు అతను చూసి తల గోక్కున్నాడు.

"గిదేంది సార్, అంత మీద బరువు? గీడ దూలానికి కొట్టుకుంటే అయిపోవు గద."

"దూరం నుంచి కనబడాలి."

"సముద్రంల ఎవరు జూస్తరు సార్, చాపలా?"

అతను అంచు మీద గోరు రాసి చూశాడు. "బొక్కలకు మందు వెట్టిండ్రా?"

"పెట్టాను."

"ఇగ మంచిదే" అని తన పనిలో పడ్డాడు.

పడవ లేపే పరీక్షకు వచ్చే న్యాయనిర్ణేత నౌకాదళంలో చేసి రిటైరైనవాడు. నగరంలోని క్లబ్బుకు పడవ తీసుకురమ్మన్నాడు. అక్కడ నేను అతిథుల పుస్తకంలో సంతకం చేసి లోపలికి వెళ్లాలి. శామీర్‌పేట చెరువైతే నాకు దగ్గర అని చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడు.

రెండు నెలలు ఆదివారాలన్నీ శామీర్‌పేటలోనే గడిపాను. పొద్దున్నే చేపలవాళ్లు థర్మాకోల్ తెప్పల మీద వెళ్లి వలలు తీసి, కట్ట మీద కూర్చుని చిక్కులు విప్పుకునేవారు. మా తాత రోజుల్లో ఆ చెరువులో వల వేయాలంటే వాళ్ల పెద్దలు మా అరుగు ముందు చెప్పులు విడిచి నిలబడేవారట. వాళ్లలో ఒక ముసలాయనకు నేనెవరో తెలుసు. నన్ను చూడగానే బీడీ దాచేసి "వచ్చినవా పటేలా" అనేవాడు. నేను పడవను గాలికి తిప్పి, ఒక పడవ నీటి పైకి లేచేలా నడిపితే వాళ్లు వలలు వదిలి చూసేవారు. ఆ చూపు నాకు ఎంత ఇష్టమో ఇప్పుడు ఒప్పుకోవచ్చు.

వాళ్ల ముందు కావాలని పడవను పడగొట్టి, నీళ్లు మింగి, తడిసిన బట్టలతో దాని మీదికి పాకుతూ ఎక్కడం నా వల్ల కాలేదు. ప్రతి ఆదివారం సంచి మడిచి కట్టుకుని నీళ్లలోకి వెళ్లేవాణ్ని. కట్ట వైపు చూసేవాణ్ని. ఈసారి కాదు, వచ్చే వారం అనుకునేవాణ్ని. వచ్చే వారమూ వాళ్లు అక్కడే ఉండేవారు.

పరీక్షకు నాలుగు రోజుల ముందు మేస్త్రీ అడిగాడు. "పడగొట్టి లేపి జూస్కున్నరా సార్?"

"చూసుకున్నాను."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

అబద్ధమాడటం కింది మనుషుల పని అని చెప్పి పెంచిన ఇల్లు మాది. ఆ మాట నా నోటి నుంచి అంత సులువుగా ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

పరీక్ష జరిగిన ఆదివారం గాలి మెత్తగా ఉంది. పట్టిక మూసేది మర్నాడే. న్యాయనిర్ణేత కట్ట మీద కుర్చీ వేసుకుని, ఒళ్లో అట్ట, అట్ట మీద కాగితం పెట్టుకున్నాడు. "ఎంతసేపైనా తీసుకోండి. ఎవరూ చెయ్యి వేయకూడదు, అంతే" అన్నాడు. ముసలాయన, మరో నలుగురు పక్కనే నిలబడ్డారు. మేస్త్రీ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీటి అంచున ఉన్నాడు.

పడవను గాలికి అడ్డంగా పెట్టి పడగొట్టాను. పడటం చాలా సులువు.

కింది పడవ మీదికి ఎక్కి తాడు పట్టుకుని వాలాను. కొయ్య చివర నీటి మీద నుంచి మనిషి ఎత్తు లేచింది. ఇంకాస్త లేస్తే తెరచాప కిందికి గాలి దూరి పడవ తనంతట తానే నిలబడేది. సరిగ్గా అప్పుడు నా కాలు జారింది. తడి ఫైబర్ మీద వట్టి పాదాలు నిలవవని నాకు తెలియదు. సంచి నింపి తగిలించబోతే తాడు ఒక జానెడు పొట్టిగా ఉంది. షెడ్డులో నేల మీద నిలబడి కొలిచిన తాడది. నీళ్లలో ఈదుతూ ముడి విప్పి మళ్లీ కట్టేసరికి చాలాసేపైంది. రెండోసారి కొయ్య మూరెడే లేచింది. మూడోసారి, సంచి నిండా నీళ్లున్నా, కదల్లేదు. తర్వాత దాని చివర మెల్లగా నీటి కిందికి పోయింది. పై పడవ నాకు దూరంగా, కొయ్య వైపుకు ఒరగసాగింది. తేలవలసిన గొట్టం నీళ్లు తాగుతోందని అప్పుడు అర్థమైంది. ఎక్కడి నుంచో కూడా అర్థమైంది.

అయినా లాగాను. అరచేతుల తోలు లేచింది. ముసలాయన తెప్ప వేసుకుని వచ్చి, ఒక బారెడు దూరంలో ఆగాడు.

"చెయ్యి వెట్టాల్నా పటేలా?"

"వద్దు."

"వద్దంటే వెట్ట. ఈడనే ఉంట."

అక్కడే ఉన్నాడు. నా వైపు చూడకుండా, కట్ట వైపు తిరిగి కూర్చున్నాడు. నేను ఎంతసేపు అలా వేలాడానో తెలియదు. వేళ్లు ఇక తాడును పట్టలేకపోయాక, గొంతులో నీళ్లతో, "పెట్టు" అన్నాను. ఆ మాట ఆయనకు ఒక్కసారికే వినబడింది.

ఆయన తెప్పతో కొయ్య చివర దాకా పోయి, భుజం ఆనించి పైకెత్తాడు. ఇంకొకడు వచ్చి తాడు లాగాడు. పడవ లేచింది. ఒడ్డుకు చేరేసరికి న్యాయనిర్ణేత పెన్ను మూత పెట్టేశాడు. "నేను చూసిందే రాయాలి కదండీ" అన్నాడు. రాయండి అన్నాను. వచ్చే ఏడు మళ్లీ రమ్మన్నాడు. షెడ్డు సంగతి ఆయనకు చెప్పలేదు.

కొయ్య విప్పి కట్ట వాలుకు ఆనించి, చివర కిందికి ఉండేలా పెట్టాం. సింహం మీది నాలుగు రివెట్ల నడుమ నుంచి నాలుగు సన్నని ధారలు మొదలయ్యాయి. మేస్త్రీ వంగి చూశాడు. "గీ రివెట్లకు నడుమ బొక్క ఉంటది సార్. సుట్టు మందు వెడ్తే ఏం లాభం" అన్నాడు. తర్వాత నా మొహం చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "రెండుసార్లు లేపినప్పుడు నీళ్లు లోపటికి వోలేదా సార్?"

నేను వంగి రివెట్లను చూడసాగాను. అతనికి తెలిసిపోయింది. ఇంకేమీ అడగకుండా వెళ్లి తాళ్లు చుట్టసాగాడు. ఏడాది నుంచి ఎంతో చనువుగా మాట్లాడినవాడు, ఆ రోజు దారిలో కూడా నాతో మాట్లాడలేదు.

ముసలాయన ఇత్తడి ముఖాన్ని వేలితో తుడిచాడు. "మీ తాత బండిది గద గిది" అన్నాడు. "ముందుగాల ఓ మాటంటే అయిపోవు పటేలా. ఓ దినం వడగొట్టి జూస్కుందుము. మేమైతే దినాం వడ్తం. ఎవ్వడు నవ్వడు."

ధారలు ఆగలేదు. గొట్టం పొడవునా నీరు నిండి ఉంది, బెజ్జాలేమో సూది పట్టేంతవి. చేపలవాళ్లు తిరిగి వలల దగ్గరికి పోయారు. ముసలాయన భుజం మీది తువ్వాల తీసి కట్ట మీద పరిచి, "కూసో పటేలా, శానసేపైతది" అన్నాడు.

నాకు కూర్చోవాలనే ఉంది. నీళ్లన్నీ పోయేదాకా నిలబడే ఉన్నాను.