బయట గడియ

బస్సు డిపోలో కంట్రోలరుగా పనిచేసినన్నాళ్ళూ ఆమె గొంతు పెంచింది లేదు. ఆలస్యంగా వచ్చిన డ్రైవరు వైపు ఒకసారి, గోడ మీది గడియారం వైపు ఒకసారి చూసేది. అంతే, అతను చెప్పబోయే సాకు నోట్లోనే ఉండిపోయేది. రిటైరయ్యాక పేకాట బల్లల దగ్గర కూడా అందరూ ఆమెను కంట్రోలరమ్మ అనే పిలిచారు. అసలు పేరుతో పిలిస్తే ఆమె వెంటనే తిరిగి చూసేది కాదు.

ఆమెకు బ్రిడ్జి నేర్పింది మామగారు. సాయంత్రం అయ్యేసరికి ఆయన స్నేహితులు ముందుగదిలో చేరేవారు. ఒకరోజు వాళ్ళలో ఒకాయన రాలేదు. నలుగురు లేనిదే ఆ ఆట సాగదు.

"అమ్మాయ్, స్టవ్ కట్టేసి ఇలా రా. నువ్వేం ఆడక్కర్లేదు, ముక్కలు పట్టుకుని కూర్చో చాలు" అన్నారు మామగారు.

కోడలు తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. నెల తిరక్కుండానే, ఆనాడు రాని స్నేహితుడు తన కుర్చీ కోసం బతిమాలుకోవాల్సి వచ్చింది. బ్రిడ్జిలో ప్రతి పంపకానికీ ఒకరు తమ ముక్కలన్నీ బల్లమీద పరిచేసి, జోడీ ఆడుతుంటే నోరు మూసుకుని చూస్తూ కూర్చోవాలి. దాన్ని డమ్మీ అంటారు. "కొత్తకోడలికి ఆ పని ఇంకొకరు నేర్పాలా?" అని నవ్వేది ఆమె. ఆమె భర్త మాత్రం జన్మలో ముక్క ముట్టలేదు. "మా నాన్న పేక పిచ్చి నన్ను దాటేసి మా ఆవిడ మీద పడింది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

ఆడటం కన్నా ఆడించడం ఆమెకు బాగా అబ్బింది. తగాదా వచ్చిన బల్ల దగ్గరికి వెళ్ళి, ఇద్దరి మాటా విని, చేతులు వెనక్కి కట్టుకుని తీర్పు చెప్పేది. ఓడినవాడు కూడా తల ఊపేవాడు. కొన్నేళ్ళకి జాతీయ బ్రిడ్జి సమాఖ్య ఆమెను పెద్ద టోర్నమెంట్లకు డైరెక్టరుగా వేసి, కార్యవర్గంలోనూ కూర్చోబెట్టింది. అధ్యక్షుడు భవనాల కాంట్రాక్టరు. పెద్ద గొంతు, పెద్ద నవ్వు. బ్రిడ్జి అంటే ప్రాణం పెట్టే మనిషి. కార్యదర్శి కళ్ళ డాక్టరు. ఆయన మాట వినాలంటే కుర్చీ కొంచెం ముందుకి జరుపుకోవాల్సి వచ్చేది.

ఒక ఏడాది ఫైనల్లో దొంగాట బయటపడింది. ఒక ఆటగాడు బాత్రూమ్‌కి వెళ్ళి ఫోను చూసుకుంటున్నాడు. అవతలివాళ్ళ చేతుల్లో ఏ ముక్కలున్నాయో, ఆట చూడ్డానికి వచ్చిన మనిషొకడు అందులోకి పంపిస్తున్నాడు. సమాఖ్య పరువు పోయింది. అక్కణ్ణించి మొదలైంది.

మొదట ఫోన్లు సంచుల్లో పెట్టించి పక్క గదిలో దాచారు. ఎవరూ కాదనలేదు. తరవాత జేబులు ఖాళీ చేయించారు. మందులు లోపలికి తేవాలంటే కార్యదర్శి అనుమతి ముందే తీసుకోవాలన్నారు. తరవాత చూడ్డానికి వచ్చేవాళ్ళని ఆపేశారు. ఆట మధ్యలో ఎవరైనా లేవాలంటే చెయ్యెత్తి అడగాలన్నారు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే తప్పు పట్టడానికేం లేదు. అన్నిటికీ కంట్రోలరమ్మ ఓటేసింది. ముక్క వెయ్యడానికి మరీ ఆలస్యం చేస్తే మార్కులు కోసే నియమాన్ని తానే స్వయంగా రాసింది. బస్సులు వేళకి నడిపిన మనిషి, ఆటను వేళకి నడపలేదా?

ఆఖరున తలుపు సంగతి వచ్చింది. ఆట సాగుతున్నంతసేపూ హాలు తలుపుకి బయటి నుంచి తాళం వెయ్యాలని కార్యదర్శి ప్రతిపాదించాడు. తాళంచెవి బయటి సెక్యూరిటీ మనిషి దగ్గరుంటుంది. డైరెక్టరు మీద కూడా రేపు ఎవరూ వేలు చూపించకుండా ఉండటానికే ఈ ఏర్పాటన్నాడు.

"ఎవరికైనా అర్జెంటుగా బయటికెళ్ళాల్సొస్తే?" అంది కంట్రోలరమ్మ.

"మీరున్నారుగా!" అని నవ్వాడు అధ్యక్షుడు.

"నేనూ లోపలే ఉంటాను కదండీ."

"తలుపు తట్టండి, తీస్తాడు. అవతలే కదా నిలబడేది" అన్నాడు కళ్ళ డాక్టరు మెల్లిగా.

చేతులెత్తమన్నారు. ఆమె అటూ ఇటూ చూసింది. అన్ని చేతులూ లేచి ఉన్నాయి. ఆమె కూడా ఎత్తింది.

ఇంటికొచ్చి భర్తకి చెప్తే ఆయన కంచం ముందు ఆగిపోయాడు. "అదేంటే, మీ బస్సులకి కూడా వెనక ఒక తలుపుంటుంది కదా?"

"పేకాటలో ప్రమాదమేముంటుంది, మీరు మరీను" అందామె.

ఆ ఏటి టోర్నమెంటు ఒక హోటలు అడుగున, భూమిలోపలి హాల్లో పెట్టారు. కిటికీలు లేవనే ఏరికోరి తీసుకున్నారు. నేలంతా మందపాటి తివాచీ. నడిస్తే మన అడుగుల చప్పుడు మనకే వినపడదు. ఏసీ చలికి కొందరు శాలువాలు కప్పుకున్నారు. ప్రతి బల్లకీ అడ్డంగా, మూల నుంచి మూలకి ఒక చెక్క తెర నిలబెట్టారు. ఎదురుగా కూర్చున్న జోడీ మొహం కనపడదు. తెర కింది సందులోంచి ముక్కలు మాత్రం కనిపిస్తాయి.

వయొలిన్ మాస్టారొకాయన తన బావమరిదితో కలిసి వచ్చాడు. ఇద్దరూ కుర్రతనం నుంచీ ఒకే జోడీ. మాస్టారుకి చక్కెర జబ్బు. ఇన్సులిన్ పొడుచుకుంటాడు. ఒక్కోసారి చక్కెర ఉన్నట్టుండి పడిపోతుందని చొక్కా జేబులో ఎప్పుడూ గ్లూకోజు బిళ్ళలు పెట్టుకుంటాడు. గుమ్మం దగ్గర సెక్యూరిటీ మనిషి వాటిని బయటికి తీశాడు.

"ఇవి మిఠాయిలు కాదు నాయనా, నాకు అవసరం" అన్నాడు మాస్టారు.

సెక్యూరిటీ మనిషి కంట్రోలరమ్మ వైపు చూశాడు. వెనక వరస పెరుగుతోంది. ముందుగా అనుమతి తీసుకోలేదు. ఒకరికి సడలిస్తే వెనకవాళ్ళందరికీ సడలించాలి.

"సంచీలో పెట్టేయండి మాస్టారూ. కావాలంటే చెయ్యెత్తండి, నేను తెప్పిస్తాను."

"నువ్వు చెప్పాక ఇంకేముందమ్మా" అని ఆయన ఇచ్చేశాడు. ఆయన భార్య బయట వసారాలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. తలుపు పడింది. తాళం తిరిగిన చప్పుడు లోపలికి స్పష్టంగా వినిపించింది. ఒకరిద్దరు తలెత్తి చూసి, మళ్ళీ ముక్కలు సర్దుకున్నారు.

మధ్యాహ్నం ఆటలో మాస్టారి బల్ల వెనకబడింది. కంట్రోలరమ్మ వెళ్ళి చూసింది. ఆయన చేతిలో ముక్కలు పట్టుకుని తదేకంగా వాటినే చూస్తున్నాడు. నుదుటి మీద చెమట. అంత చలిలో చెమటేమిటని ఆమెకి తట్టింది. కానీ ఫైనల్ ఆట, గడ్డు పంపకం. పెద్ద లెక్కలో పడ్డాడనుకుంది. వంగి "టైము, మాస్టారూ" అని హెచ్చరించింది. ఆయన తలెత్తి ఆమెను ఎక్కడో చూసిన మనిషిని చూసినట్టు చూశాడు. నవ్వాడు. ఒక ముక్క తీసి వేశాడు.

ఇస్పేటు వెయ్యాల్సిన చోట ఆఠీను వేశాడు. చేతిలో ఇస్పేట్లు ఉన్నాయి. నిన్నగాక మొన్న నేర్చుకున్నవాళ్ళు చేసే తప్పది. తెరకి ఇవతల, ఆయన పక్కన కూర్చున్న ప్రత్యర్థి ఒక యువ లాయరు. ఆమె చెయ్యెత్తి డైరెక్టరును పిలిచింది. కంట్రోలరమ్మ నియమం ప్రకారం తప్పుకీ కోసింది, ఆలస్యానికీ కోసింది. లాయరు అమ్మాయి మాస్టారి మొహం వైపు చూసి, ఏదో అనబోయి ఆగింది. బల్ల దగ్గర మాట్లాడకూడదన్నది కూడా నియమమే.

కంట్రోలరమ్మ ఇంకో బల్ల వైపు నడిచింది. వెనక నుంచి బావమరిది గొంతు వినపడింది. తెర అవతల ఆయనకేమీ కనపడటం లేదు.

"బావా, ముక్క వెయ్యి."

జవాబు లేదు.

"బావా, నీదే వంతు."

"మాటలొద్దు" అన్నారెవరో పక్క బల్ల నుంచి.

కంట్రోలరమ్మ తిరిగి చూసేసరికి మాస్టారి చేతిలోంచి ముక్కలు ఒక్కొక్కటే జారి తివాచీ మీద పడుతున్నాయి. చప్పుడు లేదు. ఆయన మెడ పక్కకి వాలింది. అప్పుడు అర్థమైంది ఆమెకి. పరుగెత్తి తలుపు తట్టింది. తరవాత గుద్దింది. అవతల సెక్యూరిటీ మనిషి లేడు. బహుమతుల సభకి కుర్చీలు సర్దాలని అధ్యక్షుడే అతన్ని పైకి పిలిపించుకున్నాడు. తాళంచెవి అతని జేబులోనే ఉంది.

"ఏమైంది? లోపల ఏమైంది?" అంది బయటి నుంచి ఒక ఆడగొంతు. మాస్టారి భార్య.

"అమ్మా, మాస్టారికి బాగాలేదు! సంచీలో బిళ్ళలున్నాయి, తలుపు సందులోంచైనా తొయ్యండి!"

"సంచుల గదికీ తాళమే కదమ్మా!"

కంట్రోలరమ్మ హాలు వైపు తిరిగింది. ఎవరూ లేవలేదు. బల్లబల్లకీ మనుషులు ముక్కల్ని గుండెలకి ఆనించుకుని ఆమెనే చూస్తున్నారు. అడక్కుండా లేస్తే జోడీ మొత్తానికి శిక్ష. ఆ మాట గుమ్మం దగ్గర పొద్దున ఆమే చదివి వినిపించింది.

"లేవండి! ఎవరైనా రండి!" అని అరిచింది. అంతమంది ముందు ఆమె గొంతు పెంచడం అదే మొదలు. ఒకరిద్దరు సగం లేచి, ఒకరినొకరు చూసుకుని, మళ్ళీ కూర్చున్నారు. బావమరిది తెర పక్కకి తోసి వచ్చి బావని పట్టుకున్నాడు. లాయరు అమ్మాయి కుర్చీ ఎత్తి తలుపుకేసి కొట్టింది. ఇంకా కొడుతుండగానే సెక్యూరిటీ మనిషి మెట్లు దిగి వచ్చాడు. ఎంతసేపు పట్టిందో తరవాత ఎవరి లెక్క వాళ్ళు చెప్పారు. తలుపు తెరుచుకునేసరికి మాస్టారి ఒళ్ళంతా కొట్టుకుంటోంది.

ఆయన బతికాడు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. భార్యని గుర్తుపడతాడు. వయొలిన్ చేతికిస్తే ఒళ్ళో పెట్టుకుని నిమురుతాడు గానీ, కమాను ఎక్కడ ఆనించాలో తెలియదు. కంట్రోలరమ్మ చూడబోయినప్పుడు మాస్టారి భార్య ఒక్కమాట కూడా తూలలేదు. మంచినీళ్ళిచ్చి, పక్కన కూర్చుని, "నువ్వు చెప్పావనే ఇచ్చేశారమ్మా. లేకపోతే ఆ బిళ్ళలు నా చేతికి కూడా ఇవ్వరు" అంది మామూలుగా. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేదని భర్తతో అంది ఆ సాయంత్రం.

కార్యవర్గం సమావేశమైంది. అధ్యక్షుడు నిజంగానే కుంగిపోయాడు. రోజూ ఆసుపత్రికి వెళ్ళినవాడు ఆయనొక్కడే. కానీ సమావేశం గదిలోకి అడుగుపెట్టి, కుర్చీలో కూర్చున్నాక ఆయన గొంతు మారింది. కార్యదర్శి ప్రతిపాదన చదివాడు. ఇకపై ప్రతి ఆటగాడూ డాక్టరు సర్టిఫికెట్ తేవాలి. ఏం జరిగినా తనదే బాధ్యతని సంతకం పెట్టాలి. తలుపు పగలగొట్టబోయిన గందరగోళంలో ఆటగాళ్ళు కలిసిపోయారు కనుక ఆనాటి ఆట చెల్లదు.

"ముందు తలుపు సంగతి తేల్చండి. ఆ తాళం తీసెయ్యాలి" అంది కంట్రోలరమ్మ.

"తలుపు వల్ల కాదు కదమ్మా, ఆయన జబ్బు వల్ల" అన్నాడు అధ్యక్షుడు.

"తలుపు తెరిచి ఉంటే ఆ జబ్బుకి మందు అందేది."

కళ్ళ డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పుడు తీస్తే తప్పు మనదేనని ఒప్పుకున్నట్టవుతుంది. ఆలోచించండి. ఆయన మిమ్మల్ని చెయ్యెత్తి అడగలేదని కూడా రాశాం. మీ మంచికే."

"ఎత్తలేదు కాదు. ఎత్తలేకపోయాడు."

"అదే. ఎత్తలేదనే కదా మేం రాసింది."

ఓటు పెట్టారు. తాళం తీసెయ్యాలని ఆమె చెయ్యొక్కటే లేచింది. దించమని ఎవరూ అనలేదు. కానీ తరవాతి అంశం, భోజన విరామం వేళలు, చదవడం మొదలుపెట్టారు. ఆమె చెయ్యి ఇంకా పైనే ఉంది.

ఆ రోజే ఆమె డైరెక్టరు పని వదిలేసింది. తాను లేకపోతే టోర్నమెంటు నడవదని, అప్పుడైనా దిగొస్తారని లోపల ఒక ఆశ. వారం తిరక్కముందే ఆమె చేతికింద తయారైన బ్యాంకు ఉద్యోగిని ఫోను చేసింది.

"మేడమ్, నన్ను వెయ్యమంటున్నారు. నేను కాదంటే ఇంకెవరో ఒకరు చేస్తారు. నాకైతే కనీసం మీరు నేర్పింది తెలుసు."

"తాళంచెవి నీ దగ్గర పెట్టుకుంటానని అడుగు."

"అడిగాను మేడమ్. అడిగేవాళ్ళు అక్కర్లేదన్నారు."

టోర్నమెంటు నడిచింది. ఎవరికీ ఏమీ కాలేదు. అదే అన్నిటికన్నా చెడ్డదైంది. నియమం సరైనదేనని అందరూ అన్నారు. సమాఖ్య దాన్ని అన్ని ఊళ్ళ క్లబ్బులకీ వర్తింపజేసింది.

కంట్రోలరమ్మ తన వీధి చివరి క్లబ్బులో ఆడటం మాత్రం మానలేదు. మేడ మీద నాలుగు బల్లల గది. అక్కడివాళ్ళలో సగం మందికి ఆమే ఆట నేర్పింది. ఒక సాయంత్రం మెట్లెక్కి వెళ్ళేసరికి, వడ్రంగి సామాను సర్దుకుని దిగుతున్నాడు. తలుపుకి బయటి వైపు కొత్త గడియ, ఇంకా నూనె వాసన పోలేదు. లోపల ఆమె కోసం కుర్చీ ఖాళీగా ఉంచారు.

"రండి రండి, మీ కోసమే ఆగాం. మీ బ్యాగు ఇక్కడ పెట్టేయండి" అన్నాడు క్లబ్బు కార్యదర్శి ఆప్యాయంగా. కిరాణా కొట్టాయన. ఆమె వదినకి తమ్ముడు.

"ఇదెందుకయ్యా మనకి? మనలో మనకి దొంగలెవరు?"

"ఎవరూ లేరు వదినా. పైనుంచి వచ్చింది. అందరూ పాటిస్తున్నారు, మనమొక్కళ్ళం కాదంటే ఏదో ఉందనుకోరూ?"

"తలుపు తీసి ఉంచితే కూర్చుంటాను."

ఎవరో ముక్కలు కలపడం మధ్యలో ఆపేశారు. ఆమె ఒక్కొక్కరి మొహం చూసింది. కోపం ఎక్కడా లేదు. ఇబ్బంది ఉంది, కొంచెం జాలి కూడా ఉంది. ఎవరో ఒకరు సర్దిచెప్తారని అందరూ ఎదురుచూస్తున్నట్టున్నారు.

కిరాణా కొట్టాయన ఆమె పక్కనుంచి తప్పుకుని వెళ్ళి, ఆమెకి ఎక్కడా తగలకుండా జాగ్రత్తగా తలుపు దగ్గరికి వేశాడు. ఆమె బయటే ఉండిపోయింది. లోపలి నుంచి ఆయన గొంతు మర్యాదగా అడిగింది.

"వదినా, ఏమనుకోకండి. ఎలాగూ అక్కడే ఉన్నారు కదా, ఆ గడియ కాస్త పెడతారా?"

ఆమె పెట్టలేదు. మెట్లు దిగి వీధిలోకి వచ్చింది. మలుపు దాకా వెళ్ళాక వెనక ఎవరో పరుగున మెట్లెక్కిన చప్పుడు, ఆ వెంటనే గడియ పడిన చప్పుడు వినిపించాయి.