మామ్మ రాయించుకున్న హామీ

నరసన్నపేట దగ్గర పల్లెలో ఒక పాత మండువా ఇంటికి జియోకాషింగ్‌కు వెళ్లాను. ఎవరో దాచిన డబ్బాను ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటూ వెతికి, అందులోని పుస్తకంలో సంతకం పెట్టే ఆట అది. ఈ డబ్బాను దాచింది ఆ ఇంటి యజమానే. ఆట తెలియనివాళ్లకు చెప్పకూడదని నియమం. జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా ఉంటుంది కాబట్టి నూతిగట్టు, పశువుల శాల, ధాన్యపు గాదె అని మూడు చోట్లు రాసుకుని, గోడ పక్కన అడుగులు లెక్కపెడుతూ నడిచాను.

యజమాని తల్లి వచ్చి నాకు అడ్డంగా నిలబడింది. "ఏటి కొలుస్తన్నావు బాబూ? రోడ్డు ఎడల్పుకి మా ఇల్లు రాసుకెల్లిపోతావేటి?"

ఆమె నిజంగానే భయపడుతోందని తెలిసి నియమాన్ని పక్కన పెట్టాను. "కాదు మామ్మా, మీ అబ్బాయి దాచిన డబ్బా వెతుకుతున్నాను. ఇదొక ఆట."

"మీసాలొచ్చినోడివి, నీకు దాగుడుమూతలేటి?" అని నవ్వి, తనే ముందు నడిచింది. కొడుకు దాస్తుంటే చూసిందట, గాదె కింద రాళ్ల సందులో చెయ్యి పెట్టి డబ్బా తీసింది. నేను సంతకం పెట్టబోతే ఆపింది.

"నోటి మాట నాకొద్దు. ఇల్లు కొలవడానికి రానేదని రాసి, దాని కింద ఎట్టు సంతకం."

రాశాను. రెండుసార్లు చదివించుకున్నాక గాని ఆమె మజ్జిగ ఇవ్వలేదు.