ఎవరూ ఏరని ఇప్పపువ్వు

ఇల్లు తగలబడుతుంటే పిల్లను చంకనేసుకుని పరుగెత్తిన మనిషిని మీరు ఏమని పిలుస్తారు? తొందరపడి జవాబు చెప్పకండి. సరిహద్దుకు ఇవతల ఆమెను ‘వెళ్లిపోయినది’ అంటున్నారు. అవతల ‘వచ్చి పడినది’ అంటున్నారు. ఈ రెండు మాటల మధ్యే ఆమె తల నెరిసింది.

మాది తెలంగాణ సరిహద్దుకు ఇవతల ఉన్న కోంటా. నాన్న అడవి సరుకు కొనే వ్యాపారి. ఎండలు మొదలైతే మా పెరడంతా ఇప్పపువ్వు ఆరేసి ఉండేది. ఆ తియ్యటి, కొంచెం మత్తుగా ఉండే వాసన మా బట్టలకూ పుస్తకాలకూ పట్టేది. సంతరోజున కిష్టారం వైపు పల్లెల నుంచి ఆడవాళ్లు గంపలతో గుంపుగా దిగేవారు. గోండీ, దోర్లి, తెలుగు, హిందీ అన్నీ మా అరుగు మీద ఒకేసారి వినపడేవి. ఆ గుంపులో నాకంటే కాస్త పెద్దదైన ఒకామె ఉండేది. అక్కా అని పిలిచేవాణ్ణి. నాన్న తూకం వేస్తుంటే ఆమె త్రాసు వైపు కాక నాన్న ముఖం వైపు చూసేది.

“ముల్లు అబద్ధమాడదు సావుకారీ, ఆడితే నువ్వే ఆడాలె” అనేది. నాన్నకు కోపం రావాలి. నవ్వొచ్చేది.

తర్వాత గొడవల కాలం వచ్చింది. అడవిలో ఉన్నవాళ్ల చేతుల్లో తుపాకులు, రోడ్డు మీద ఉన్నవాళ్ల చేతుల్లో తుపాకులు. మధ్యలో ఆమె ఊరు కాలింది, పిల్లను చంకనేసుకుని ఆమె పరుగెత్తింది. ఆ వైపు నుంచి ఆడవాళ్లు సంతకు రావడమే ఆగిపోయింది. ఇప్పటికీ సంతరోజు పొద్దున్నే నా చెవి ఆ దారి మీదే ఉంటుంది. వాహనాల చప్పుడు వినిపిస్తుంది కానీ, గంపలు దించుతూ ఆడవాళ్లు చేసే ఆ గోల వినిపించదు.

ఆమె తెలంగాణ వైపు అడవిలో గుడిసె వేసుకుని, మిరపకాయలు కోసే కూలికి పోతోందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఈ ఎండాకాలం మొదట్లో కబురు పంపింది: ఊరు చూసి రావడానికి పోతున్నాను, నువ్వూ రా అని. కిష్టారంలో కలుసుకుని నడక మొదలుపెట్టాం.

“ఏంది తమ్మీ, దేవుడు లేడు, దయ్యం లేదు అని ఇంకా మీటింగులు పెడ్తనే ఉన్నవా?”

“పెడ్తనే ఉన్న అక్కా.”

“దేవుడి సంగతి నాకెరుక లేదు గాని, దయ్యం లేదనకు. మా గుడిసెలు పీకేటోళ్లను ఒక్కపారి చూసినవనుకో, నువ్వే కొబ్బరికాయ కొడ్తవు.”

నవ్వాను. ఆమె నవ్వలేదు. వానలు పడేలోపు గుడిసెలు ఖాళీ చెయ్యాలని అక్కడి అటవీశాఖ సిబ్బంది చెప్పి పోయారట. ఈసారి ఇల్లు ఎక్కడ కట్టాలో ఆమె ఇప్పుడు తేల్చుకోవాలి.

“ఆడ నీ రాష్ట్రానికి పో అంటరు. ఈడికొచ్చి అడిగితే, పోయినోళ్లకు ఈడ ఏముంది అంటరు. ఆ బార్డర్ నేను గీసిన్నా?”

ఆమె వాళ్లకు రెండు వైపులా చుట్టాలున్నారు, పెళ్లిళ్లున్నాయి. అయినా ఇవతల ఆదివాసీ అయిన మనిషి అవతలికి అడుగు పెట్టగానే కాగితం మీద ఆదివాసీ కాకుండా పోతుంది. ఇదేం తర్కం? జాతకాలు చెప్పేవాడు కూడా ఇంత ధైర్యంగా బొంకడు.

ఊరు చేరేసరికి ఎండ ఎక్కింది. ఆమె ఇల్లున్న చోట మట్టిదిబ్బ, దాని మీద ముళ్లకంప. ఆమె అక్కడ ఆగలేదు. పొలం గట్టు దాటి తన ఇప్పచెట్ల దగ్గరికి నడిచింది. ఆ పల్లెల్లో ఏ చెట్టు ఏ ఇంటిదో అందరికీ తెలుసు. పువ్వు రాలకముందే ఎవరి చెట్టు కింద వాళ్లు ఆకులు కాల్చి నేల శుభ్రం చేసుకుంటారు. చుట్టుపక్కల చెట్ల కింద నేల నల్లగా, నున్నగా ఉంది. ఆమె మూడు చెట్ల కింద మాత్రం ఎండుటాకులు మోకాటి దాకా ఉన్నాయి. వాటి మీద పశువులు తినగా మిగిలిన పువ్వు గోధుమరంగుకు తిరిగి పులుస్తోంది.

పొరుగింటి ముసలామె కర్ర పట్టుకుని వచ్చింది. దోర్లిలో మాట్లాడింది. నాకు అర్థమయ్యేంత తెలుగు అందులో ఉంది.

“వచ్చినవా వదినా! తెలంగాణ నీళ్లు తాగి నల్లబడ్డవు.”

“నువ్వేమన్న తెల్లగయినవా? పువ్వంత పాడుచేసిండ్రేందే, ఏరుకుంటే ఏమాయె?”

“నీ చెట్టు గదా. నువ్వు చెప్పకుంట ఎట్ల ముట్టుకుంటం?”

కారణం చెప్పలేని ఆచారాన్ని వదిలెయ్యమని నా జీవితమంతా వాదించాను. దీనికి కారణం ఉంది. మనిషి ఎదురుగా లేకపోయినా ఆమె హక్కు పోదు, అంతే. చదువుకున్న రెండు ప్రభుత్వాలు ఇంత చిన్న విషయాన్ని ఎందుకు ఒప్పుకోవు?

“ఇంగ ఈన్నే ఉండు, ఇల్లు కట్టుకో, అందరం చెయ్యేస్తం” అంది ముసలామె. అక్క చెట్టు మొదలుకు ఆనుకుని కూర్చుంది. తాజాగా రాలిన పువ్వొకటి తీసి నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది. ఆమె ముఖంలో అంత ఆశ నేనెప్పుడూ చూడలేదు. ఉండిపోతుందనే అనుకున్నాను.

“ఉండాలనే ఉంది,” అంది చివరికి. “కట్టినంక మళ్ల తగలబెడితే? ఎవడు తగలబెట్టిండో ఇంతవరకు ఎవడన్న చెప్పిండా? నాకు పైసలొద్దు తమ్మీ. అప్పుడు రాజ్యం ఏలినోడు ఎవడన్న ఈడికొచ్చి నిలబడి, మావల్లనే అయింది, మళ్ల కానియ్యం అని మా మొకాన చెప్పాలె. గా మాట చెప్పినరోజు గుంజ పాతుత.”

తర్వాత నేను ఆ మాట పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాను. పాత సంగతులు ఇప్పుడెందుకు అన్నారు. ఆమెకు అవి పాతవి కావు. ఈ వానాకాలం ఇంటిల్లిపాదీ ఎక్కడ పడుకోవాలన్నది ఆ జవాబు మీదే ఉంది. ఊరు చూసిన ఆ సాయంత్రం ఆమె కొంగులో నాలుగు గుప్పెళ్ల పువ్వు మూటగట్టుకుని, గుడిసెలు పీకేవాళ్లున్న వైపుకే మళ్లీ నడిచి వెళ్లింది. వెళ్తూ వెనక్కి చూసింది, చాలాసార్లు.

మీరు ఇటువైపు ఉంటే, మీ గడపకు వచ్చే ప్రతి నాయకుణ్ణీ నిలదీయండి: కాలిన ఊళ్లకు ఎప్పుడు వస్తావు, అక్కడ నిలబడి ఏం ఒప్పుకుంటావు అని. తేదీ చెప్పేదాకా వదలకండి. అటువైపు ఉంటే, గుడిసెలు పీకడానికి వచ్చేవాళ్లకు అడ్డంగా వెళ్లి నిలబడండి. వానలు దగ్గర పడ్డాయి. లేవండి.