పోహాలు తిన్నాక తెలిసింది

కిందటి చలికాలం నాందేడ్ పాతబస్తీలో వాడాలు, అంటే పాతకాలపు లోగిళ్ళు, నడిపించి చూపిస్తారంటే భోకర్ నుంచి నేనూ మావారూ మా తమ్ముడూ వెళ్ళాం. ఫొటోలు తీసుకుంటూ వెనకబడి, గైడు వెళ్ళిన గుమ్మం అదేననుకొని ఒక వాడాలోకి నడిచాం.

"రాండ్రి, మీ కోసమే సూస్తున్న" అంటూ ఆ ఇంటి అవ్వ కాళ్ళకు నీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, వేడివేడి పోహాలు, అదే అటుకుల ఉప్మా, పెట్టింది. టూర్‌లో టిఫిను కూడా ఉందని మావారు మురిసిపోయారు. మా వైపు పెళ్ళిచూపులకు పోహాలే పెడతారన్నది ఒక్కరికీ తట్టలేదు!

పట్టుచీర కట్టుకున్న అమ్మాయి చాయ్ తెచ్చింది.

"ఏమన్న అడుగుతవా బిడ్డా?" అంది అవ్వ మా తమ్ముడితో.

"ఈ ఇల్లు ఎన్నేండ్లది?" అన్నాడు వాడు.

అమ్మాయి తలెత్తి చూసింది. "అవ్వా, ఫొటోల ఉన్నది ఈయన కాదే!"

నాకు పొలమారింది. అప్పుడే, స్టేషన్‌కు ఎదురెళ్ళిన అమ్మాయి తండ్రి అసలు పెళ్ళికొడుకు వాళ్ళతో లోపలికొచ్చాడు. సిగ్గుతో లేవబోయాం.

"కూసోండ్రి! పోహాలు తిన్నంక మీరు మా దిక్కోళ్ళే" అని అవ్వ నా చెయ్యి పట్టి ఆపేసింది.

సంబంధం కుదిరింది. చుట్టాల్లా పెళ్ళికి పిలిచారు, వెళ్ళాం. భోజనాల దగ్గర అవ్వ మా తమ్ముడి పక్కన కూర్చుని, "ఆనాడు అడిగినవు గద బిడ్డా, నూటిరవై ఏండ్లది" అంది.