కేసు కాగితానికి ఎక్కని బాబయ్య గాయం

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున, పెనుకొండ ఆస్పత్రి ఆవరణలో అంబులెన్స్ కడుగుతుండగా ధర్మవరం నుంచి బాబయ్య భార్య హసీనా ఫోన్ చేసింది. "నరసింహులన్నా, మీ తమ్ముడు పోయినాడు" అంది. అంతే. పైపులో నీళ్లు పోతానే ఉన్నాయి, కట్టెయ్యాలని కూడా తోచలేదు. తొమ్మిదేళ్లు నేను బండి తోలుతుంటే వెనక కూర్చుని ప్రాణాలు నిలబెట్టిన బాబాఫకృద్దీన్, మా అందరి బాబయ్య, నలభై ఒకటో ఏట కన్నుమూశాడు.

తెలుగు ఎం.ఏ. చదివి స్టీరింగు పట్టినవాణ్ణని, సంస్మరణ సంచికకు నన్నే రాయమన్నారు తోటివాళ్లు. కర్తవ్యదీక్షాపరుడు, ఆపన్నబంధువు, కరుణార్ద్రహృదయుడు అని రాయొచ్చు. అన్నీ నిజాలే. కానీ విధినిర్వహణలో తగిలిన గాయంతోనే చనిపోయాడన్న ఒక్క నిజాన్ని ఆఫీసువాళ్లు ఒప్పుకోవడం లేదు. వాళ్లు ఒప్పుకోకపోతే అతని భార్య హసీనాకు కుటుంబ పింఛను రాదు. నేను రాసేది అందుకే.

బాబయ్యది గోరంట్ల. పెనుకొండ బాబాఫకృద్దీన్ దర్గాలో మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. రోగిని తాకే ముందు పేరు అడిగేవాడు. "పేరు పెట్టి పిలువన్నా. పిలిస్తా ఉంటే మనిషి ఈడనే ఉంటాడు, యాడికీ పోడు" అనేవాడు.

ఒకసారి సోమందేపల్లి దగ్గర రామన్న అనే రైతు పురుగుల మందు తాగాడు. దారి పొడవునా వాంతులు, అన్నీ బాబయ్య చొక్కా మీదే. "ఏమబ్బా రామన్నా, పురుగులకు ఒక చుక్కన్నా మిగిల్చినావా, అంతా నువ్వే తాగితివా?" అంటే, చావబోయే మనిషి నవ్వాడు. బతికాడు కూడా. ఏటా పంట రాగానే ఒక సంచి శెనక్కాయలు మోసుకొచ్చేవాడు. బాబయ్యను మట్టి చేసిన రోజు అందరికన్నా ముందు వచ్చింది అతనే.

ఇక ఆ ప్రమాదం. రెండేళ్ల కిందట గోరంట్ల నుంచి లక్ష్మమ్మ అనే నిండుచూలాలిని హిందూపురం తీసుకుపోతున్నాం. మలుపులో ఎనుముల మంద అడ్డమొస్తే బ్రేకు తొక్కాను. బండి పోయి గట్టుకు కొట్టుకుంది. వెనక ఆక్సిజన్ సిలిండరు పట్టీ తెగింది. అది ఆమె కడుపు మీద పడకుండా బాబయ్య తన వీపు అడ్డం పెట్టాడు. అద్దంలో నా కళ్లతో చూశాను. "ఆపొద్దన్నా, పోనీ. లక్ష్మమ్మకు నొప్పులు ఎక్కువైనాయి" అన్నాడు. ఆమెను ఆస్పత్రిలో అప్పగించాక మెట్ల మీద కూలబడ్డాడు. "నడుం పట్టేసింది, అంతే" అని, అక్కడే కూర్చుని కేసు కాగితం మీద చదవకుండా సంతకం పెట్టాడు.

ఆ కాగితం సంగతి చెప్పాలి. ప్రతి కేసు కాగితం చివర 'సిబ్బందికి గాయాలు' అని ఒక గడి ఉంటుంది. కేసు వచ్చాక తీరిక ఉండదని, డ్యూటీ ఎక్కగానే టీ తాగుతూ, ఆ రోజు కాగితాలన్నిట్లోనూ 'లేవు' అని ముందే నింపిపెట్టుకుంటాం. మా బండిలో ఆ పని నాది. ఆ రోజు కూడా నేనే రాశాను, ప్రమాదం జరగక ముందే.

వారం తిరక్కముందే అతని కాళ్లు తిమ్మిరెక్కాయి. రెండు నెలలకు మంచం పట్టాడు. వైకల్య పరిహారానికి అర్జీ పెడితే ఆ కాగితమే తీసి చూపించారు. ధర్మవరంలో మగ్గాలవాళ్లకు పట్టు కండెలు చుట్టి హసీనా అతన్ని సాకింది. చివరికి మంచం పుండ్లు చీము పట్టి, ఆ విషం రక్తంలోకి ఎక్కి ప్రాణం తీసింది.

అతను పోయాక ఆమె మళ్లీ ఆఫీసు మెట్లెక్కింది. "గాయమే లేదని మీ ఆయనే సంతకం పెట్టినాడు కదమ్మా, మేమేం చేసేది?" అన్నాడు గుమాస్తా.

"రెండేండ్లు నేను కడిగింది గాయం కాదా సార్?" అని అడిగింది హసీనా. ఆయన ఫైలు మూసేశాడు.

బాబయ్య బతికుండగానే నేను నిజం చెప్తానన్నాను. "వద్దన్నా. ముందే రాసిపెట్టినావని తెలిస్తే నిన్ను తీసేస్తారు. ఇంట్లో ఇద్దరు పిల్లోళ్లుండారు నీకు. నాకా, ఎట్లాగూ కాళ్లు రావు" అన్నాడు. ఊరుకున్నాను. ఆ మాట నాకు అనుకూలంగా ఉంది కాబట్టే ఊరుకున్నాను. ఛీ, నాదీ ఒక బతుకేనా!

ఇప్పుడు బండి వెనక వేరొకాయన కూర్చుంటున్నాడు. మంచివాడే, పని తెలిసినవాడే. కానీ ఎవర్నీ పేరు పెట్టి పిలవడు. నిన్న పొద్దున టీ తాగుతూ కాగితాల కట్ట నా ముందు పెట్టి, "ఆ గడి నింపెయ్యన్నా" అన్నాడు. నేను పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాను.

బాబయ్యా, నీ అంతటివాణ్ణి ఈ సీమ మళ్లీ చూస్తుందని నాకు నమ్మకం లేదు. సోమవారం హసీనాతో కలిసి ఆఫీసుకు పోతాండాను. నువ్వు వద్దన్న పనే చేస్తాండాను, మన్నించు. సిలిండరు నీ వీపు మీద పడింది. ఆ గడిలో ఉన్నది అబద్ధం. అది రాసిన చెయ్యి నాది.