నాలుగంగుళాల ఎత్తున పెళ్ళిచూపులు

పెళ్ళిచూపుల్లో కాఫీ ఒలకబోసుకున్నవాళ్ళు ఉంటారు, పిల్ల పేరు మరిచిపోయి నీళ్ళు నమిలినవాళ్ళు ఉంటారు. నేను మాత్రం నాలుగంగుళాల ఇనుముతో నా సంబంధాన్ని నేనే చెడగొట్టుకున్నాను. ఇందులో ఇంకొకరి చెయ్యి ఉంటే కొంచెమైనా ఊరటగా ఉండేది. నవ్వుకోండి, పరవాలేదు. మా ఊళ్ళో అందరూ నవ్వేశారు, ఇక మీరే మిగిలారు.

మాది కర్ణాటకలో బట్లహళ్ళి దగ్గర పల్లె. అప్పట్లో నాకొక పాత జీపు ఉండేది. టమోటా తోటకు వెళ్ళి రావడానికి అది చక్కగా సరిపోయేది. సరిపోయేదాన్ని సరిపోనివ్వడం నా జాతకంలో లేదు. సెల్లులో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. వాగులు దాటే జీపులు, బండలెక్కే జీపులు, అన్నిటికీ లిఫ్ట్ కిట్! అంటే పొడుగు స్ప్రింగులు, పొడుగు షాక్ అబ్జార్బర్లు వేసి బండిని నేల నుంచి పైకి ఎత్తించడమన్నమాట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. ఎక్కే కొండ లేదు, దాటే వాగు లేదు, నాకు మాత్రం లిఫ్ట్ కిట్ కావలసి వచ్చింది.

రెండంగుళాలదా, నాలుగంగుళాలదా? ఈ ప్రశ్న నా నిద్ర చెడగొట్టింది. అదే సమయానికి బాగేపల్లి నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల ఫోటో పంపించారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఫోటోను ఒక్కసారి చూసి, కిట్ ఫోటోలను రోజంతా చూశాను. చివరికి బండిని చిక్కబళ్ళాపురంలో ఒక గ్యారేజీకి తీసుకెళ్ళాను.

"రెండేద్దామా, నాలుగేద్దామాప్పా?" అన్నాడు మెకానిక్.

"ఏది బాగుంటాది?"

"రెండు తిరిగేకి బాగుంటాది. నాలుగు చూసేకి బాగుంటాది. నాలుగే ఏసుకో, నలుగురూ చూస్తారు."

నలుగురూ చూస్తారన్న మాట చెవిన పడ్డాక నాకింకేమీ వినపడలేదు.

బండి ఇంటికి రాగానే మా నాయన దాని చుట్టూ తిరిగి వచ్చాడు. "ఏందిరా ఇది? బండి తెమ్మంటే మిద్దె తెచ్చినావు?"

"ఇది ఆఫ్‌రోడ్ నాయనా."

"రోడ్డుండంగా ఆఫ్‌రోడ్ ఏమిటికిరా?"

నేను గుడ్డ తీసుకుని బండి అద్దం తుడవసాగాను.

ఆ ఆదివారమే పెళ్ళిచూపులు. మా ఇంట్లో అవ్వ, అంటే మా నాయనమ్మ, వెళ్ళకుండా ఏ సంబంధమూ ఖాయం కాదు. ముందుగా ఆమె బండి దిగి పిల్ల ఇంటి గడప తొక్కాలి. పెద్ద ముత్తైదువ వాకిట్లోకి వచ్చి కూడా బండి దిగలేదంటే, సంబంధం వద్దన్నట్టే లెక్క. మా వైపు అంతకు మించిన అవమానం లేదు.

మా ఇంటి అరుగు బాగా ఎత్తు. జీపును దానికి ఆనించి నిలిపాను. అవ్వ అరుగు మీది నుంచి నేరుగా సీట్లోకి అడుగేసింది. "బలే ఉండాదిరా! ఊరంతా కనపడతాండాది!" అని మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. బాగేపల్లిలో కూడా ఒక అరుగు కావాలని నా బుర్రకు తట్టలేదు.

దారి పొడుగునా బండి పడవలా ఊగింది. మలుపు వచ్చినప్పుడల్లా అవ్వ ఒక దేవుణ్ణి పిలిచింది. బాగేపల్లి చేరేసరికి పిలవడానికి దేవుళ్ళు మిగల్లేదు.

పిల్ల వాళ్ళది కొత్త ఇల్లు. అరుగు లేదు, మెట్టు లేదు, వాకిలంతా చదునుగా సిమెంటు. పిల్ల తండ్రి కాళ్ళకు నీళ్ళు పట్టుకుని ఎదురొచ్చాడు. నాయనా నేనూ దూకాం. అవ్వ ఒక కాలు బయటపెట్టింది. ఆ కాలు గాలిలో అటూ ఇటూ వెతికింది.

"ఒరే, నేల యాడుండాదిరా?"

"కిందే ఉండాదవ్వా. నేను దించుతా ఉండు."

"ముట్టుకుంటే చూడు! కొత్త చుట్టాల ముందర టమోటా బాక్సు మాదిరి దించుతావా నన్ను?"

ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. అవ్వ వేలు ఆనించగానే అది జారింది. కాలు మళ్ళీ లోపలికి పోయింది. ఈసారి అవ్వ తలుపు కూడా వేసుకుంది.

పిల్ల తండ్రి మొహం మాడిపోయింది. "ఏమప్పా, పెద్దమ్మ దిగేది ల్యా? మా ఇల్లు నచ్చలేదని వాకిట్లోనే చెప్తాండారా?"

"అయ్యో, అట్ల కాదు మామా! నాలుగంగుళాలు లిఫ్టు..." అన్నాను.

"ఇంకా ఏమీ కాకుండానే మామానా?"

మా నాయన నా వైపు చూసిన చూపు గురించి చెప్పను. మీరు భోజనం చేసి ఉంటారు, తిన్నది అరగదు.

అప్పుడు ఆ పిల్లే బయటికి వచ్చింది. ఫోటోలో సరిగ్గా చూడని పిల్లను వాకిట్లో సరిగ్గా చూశాను. ఈమెను చేసుకోలేకపోతే నా బతుకు వృథా అని అక్కడికక్కడే తేలిపోయింది. ఆమె తిన్నగా జీపు దగ్గరికి వెళ్ళి, చెయ్యెత్తి అవ్వకు మజ్జిగ అందించింది. "దిగొద్దు లేవ్వా. మేమే ఈడికి వస్తాము. ఎండ తగుల్తాందా?"

అవ్వ పైనుంచి ఆమెను చూసి కరిగిపోయింది. "ఏమప్పా, నేను దిగకపోయినా చెప్తాండా. పిల్ల నాకి నచ్చింది!"

వాకిలంతా ఊపిరి పీల్చుకుంది. పిల్ల తండ్రి నవ్వాడు. నేను మనసులో పెళ్ళిపత్రికలు కూడా అచ్చువేయించాను. "నీ మాటేంది తల్లీ?" అన్నాడాయన.

ఆమె జీపును చూసి, నన్ను చూసి అడిగింది. "ఇంత ఎత్తు ఏమిటికి?"

"కొండలెక్కేకి."

"ఏ కొండ ఎక్కినారు?"

"ఇంకా... ఏదీ ఎక్కలేదు."

ఆమె తండ్రి వైపు తిరిగింది. "నాయనా, ఈ అవ్వ ఎన్ని దినాలైనా మనింట్లో ఉండనీ. ఈయప్ప మాత్రం నాకి వద్దు. ముసలామెను ఎక్కించేటప్పుడు దించేది తలచుకోల్యా. రేపు నన్ను యాడికి ఎక్కించి యాడ వదిలేస్తాడో!"

ఆమె అన్నదాంట్లో ఒక్క తప్పు దొరికినా ఈ పాటికి నేను సుఖంగా ఉండేవాణ్ణి. తిరిగొచ్చే దారంతా అవ్వ ఒకటే మాట, "ఎంత తెలివైన పిల్లరా!" అని.

కనుక అవ్వ పిలిచిన దేవుళ్ళందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక దేన్నీ ఎత్తించను. జీపును దింపించేశాను, సైకిలు సీటు దింపించేశాను, తలకింద దిండు కూడా తీసేశాను. నేల మీద పడుకుంటున్నాను, ఒక్కణ్ణే.